తక్కువ ఖర్చుతో కొన్న షేర్లు ఇంటికి చేరేదాకా

మనవాళ్ళకు కమీషన్ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కరలేదు. కోలారు మండీకి టమాటా వేసినవాళ్ళు, శిడ్లఘట్ట మార్కెట్‌లో పట్టుగూళ్ళు అమ్మినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. సరుకు ఎంత పలికిందనేది ఒక లెక్క, చేతికి ఎంత వచ్చిందనేది ఇంకో లెక్క. షేర్లలోనూ ఇంతే. కంపెనీ పెరుగుతుందో లేదో మన చేతిలో లేదు. మధ్యలో ఎంత పోతుందనేది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

మా చిన్నత్త కూతురు ఉద్యోగంలో చేరినప్పటినుంచి "అక్కడ అంతా నువ్వే కొంటావంట గదా, ఎట్ల కొంటావో రాసియ్యి" అని అడుగుతా ఉంది. ఆ అమ్మాయి కోసం మొదలుపెట్టి, అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నేను నెలకు పదివేలు పెడతాను. మొత్తం పన్నెండు కంపెనీలు. నెలకు ఒక కంపెనీ వంతు. ఏడాదికి ఒక చుట్టు తిరుగుతుంది. పదివేల రూపాయల షేర్లు డెలివరీకి కొంటే ఏమేం పోతుందో చూడండి. సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ 0.1 శాతం, అంటే 10 రూపాయలు. స్టాంపు డ్యూటీ 0.015 శాతం, రూపాయిన్నర. ఎక్స్ఛేంజి ఛార్జీ, దాని మీద జీఎస్టీ కలిపినా అర్ధరూపాయి దాటదు. అంతా కలిపి దాదాపు 12 రూపాయలు. బ్రోకరేజీ లేని చోట అంతే. 2015 డిసెంబరులో బెంగళూరు కంపెనీ జెరోధా డెలివరీ షేర్ల మీద బ్రోకరేజీ తీసేసింది. అర శాతం తీసుకునే పాత పద్ధతి బ్రోకరు దగ్గరైతే ఇంకో 50 రూపాయలు, దాని మీద 9 రూపాయల జీఎస్టీ. ఏడాదికి లెక్కేస్తే ఒకచోట 144, ఇంకోచోట 852.

డీమ్యాట్ ఖాతాకు ఏటా కట్టే ఫీజు కూడా తప్పించుకోవచ్చు. ఒక్కటే డీమ్యాట్ ఉన్నవాళ్ళకు బేసిక్ సర్వీసెస్ ఖాతా అని ఉంది. 2024 సెప్టెంబరు 1 నుంచి అందులో షేర్ల విలువ 4 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, 10 లక్షల దాకా ఏడాదికి 100 రూపాయలు.

అమ్మేటప్పుడు ఇంకో ఖర్చుంది. ఒక్కో కంపెనీకి, అమ్మిన ఒక్కో రోజుకు డిపాజిటరీ ఛార్జీ అని 15 రూపాయలో 20 రూపాయలో పడుతుంది. లక్ష రూపాయలవి అమ్మినా అంతే, వెయ్యి రూపాయలవి అమ్మినా అంతే. వెయ్యికి 15 అంటే ఒకటిన్నర శాతం. లాభం ఉంటే పన్ను కూడా కట్టాలి. ఏడాది లోపు అమ్మితే 20 శాతం. ఏడాది దాటాక అమ్మితే, ఆ సంవత్సరం లాభంలో మొదటి లక్షా పాతికవేలు వదిలేసి మిగిలినదాని మీద 12.5 శాతం. అందుకే నేను చిన్న చిన్నగా కొంటాను, అమ్మడం చాలా తక్కువ. కన్నడంలో "హని హని గూడిదరె హళ్ళ" అంటారు. చుక్క చుక్క చేరితే వాగవుతుందని. చుక్కలు కారిపోయే చిల్లులు కూడా చూసుకోవాలి కదా.

పన్నెండు కంపెనీలు ఎందుకంటే, ఒక్కదాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకు 2009 జనవరి 7న తెలిసింది. సత్యం కంప్యూటర్స్ లెక్కలు దొంగవని రామలింగరాజు ఉత్తరం బయటపడిన ఆ ఒక్క రోజులోనే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. హైదరాబాదు కంపెనీ, మనవాళ్ళ కంపెనీ అన్న అభిమానం షేరును నిలబెట్టలేదు. నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కాబట్టి ఆ రంగానివి ఒకటికి మించి పెట్టుకోను. జీతమూ పొదుపూ రెండూ ఒకే గొడుగు కింద ఉండకూడదని.

కంపెనీల వార్షిక నివేదికలు చదివే ఓపిక లేనివాళ్ళకు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్ మేలు. ఏడాదికి 0.2 శాతం ఖర్చనుకుంటే 5 లక్షలకు వెయ్యి రూపాయలు. ఓపిక లేనప్పుడు ఆ వెయ్యి దండగ కాదు.

ఇంతవరకు చెప్పింది ఎక్కడైనా దొరుకుతుంది. మా ఇంట్లో జరిగింది చెబితేగాని అసలు ఖర్చు ఎక్కడుందో అర్థం కాదు.

మా పెద్దనాయన 1990ల మొదట్లో పబ్లిక్ ఇష్యూలకు ఫారాలు నింపి రెండు కంపెనీల షేర్లు తీసుకున్నాడు. నేరుగా కంపెనీ నుంచే కాబట్టి బ్రోకరేజీ ఒక్క పైసా కట్టలేదు. కాగితం సర్టిఫికెట్లు పహణీ కాగితాలతోపాటు ట్రంకుపెట్టెలో పెట్టాడు. డివిడెండు వారంట్లేమో బెంగళూరులో అప్పుడు బాడుగకున్న ఇంటి అడ్రసుకే పోతా ఉండినాయి. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, పెట్టె సర్దుతుంటే పెద్దమ్మకు ఆ కాగితాలు దొరికాయి. వరసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లు ఐఈపీఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ నిధికి పోతాయని చట్టం. రెండూ అక్కడికే పోయాయి. వెనక్కి అడగవచ్చు, దానికి ఫీజు కూడా లేదు.

ఫీజు లేకపోయినా కాగితాలు కావాలి. సర్టిఫికెట్‌లో మన ఇంటిపేరు పొడి అక్షరం పేరుకు ముందుంది. పెన్షను కాగితాల్లో, ఇక్కడి పద్ధతి ప్రకారం, మా తాత పేరు పొడి అక్షరం వెనక ఉంది. కన్నడంలో ఉన్న మరణ పత్రంలో ఏ అక్షరమూ లేదు. మా ఇంట్లో ఒకే మనిషి, కాగితాల మీద ముగ్గురు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్, మరణ పత్రానికి ఇంగ్లీషు అనువాదం, నోటరీ, ఇండెమ్నిటీ బాండు, కోర్టు నుంచి వారసత్వ పత్రం. పెద్దమ్మ తెలుగులో సంతకం పెడుతుంది. అది ఆమె సంతకమేనని బ్యాంకు మేనేజరు రాసివ్వాలి. మోకాళ్ళ నొప్పితో మూడుసార్లు బ్యాంకుకు తిరిగింది. "మీ పెద్దనాయన బతికున్నప్పుడు ఎన్ని షేర్లున్నాయో నాకు చెప్పనేలేదు, ఇప్పుడు ఆయన ఎవరో నేను చెప్పాల్సొచ్చింది" అనింది. రెండేళ్ళు పట్టింది. ముప్పైవేలకు పైగా ఖర్చయింది. ఒక కంపెనీ షేర్లు వచ్చాయి. రెండోది ఇంకా నడుస్తా ఉంది.

మా కుటుంబంలో అందరికన్నా తక్కువ ఖర్చుతో కొన్న షేర్లు అవి. అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టించినవీ అవే.

కాబట్టి చెల్లీ, బ్రోకరును ఎంచుకునే ముందు పాన్, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మూడూ పక్కపక్కన పెట్టి నీ పేరు అక్షరం అక్షరం సరిచూడు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది తేల్చుకుని, మూడింట్లోనూ ఒకే తీరుగా చేయించు. నామినీని పెట్టు, ఆమె పేరు కూడా ఆమె ఆధార్‌లో ఉన్నట్టే రాయి. నామినీ అంటే సొంతదారు అని కాదు, ఆస్తి చివరకు వారసులదేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఎవరికి ఎంతో వీలునామా కూడా ఉండాలి. ఇల్లు మారితే డిపాజిటరీలో అడ్రసు మార్చు. డివిడెండు నేరుగా బ్యాంకులో పడేటట్టు చూడు.

ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాయి. నేను కన్నడ మీడియంలో చదివినవాణ్ణి, నా పుస్తకం కన్నడంలోనే ఉంది. అమ్మ చదవగలదని పక్కన తెలుగులో కూడా రాశాను. ఏ బ్రోకరు, ఏ డీమ్యాట్ నంబరు, ఏయే కంపెనీలు, ఎవరిని అడగాలి. మొత్తం ఒక పేజీ. పాస్‌వర్డ్ రాయలేదు, అక్కర్లేదు. ఆ పుస్తకం బీరువాలో ఎక్కడుందో అమ్మకూ, నా భార్యకూ తెలుసు. ఏటా ఉగాదికి తీసి, మారినవి సరిదిద్దుతాను.