బాపట్ల సత్యభామ

నాలుగు పాత్రలు చెబుతాను. 'విప్రనారాయణ' (1954)లో భానుమతి చేసిన దేవదేవి. 'కన్యాశుల్కం' (1955)లో సావిత్రి చేసిన మధురవాణి. 'సారంగధర' (1957)లో మళ్ళీ భానుమతే చేసిన చిత్రాంగి. 'శ్రీకృష్ణ తులాభారం' (1966)లో జమున చేసిన సత్యభామ. తెలుగు తెర మీద ఆడవాళ్ళ నటన గురించి ఎవరు మాట్లాడినా ఈ నాలుగింటి దగ్గర ఆగాల్సిందే. ఇప్పుడు వినండి. ఈ నలుగురు స్త్రీలనూ అంతకు ముందే, సినిమా మాటలు నేర్వకముందునుంచే, రంగస్థలం మీద ఒకే మనిషి ఆడి చూపించాడు. ఆ మనిషి మగవాడు. మా పక్క ఊరు బాపట్ల వాడు. స్థానం నరసింహారావు.

ఈ సంగతి తెలిసినప్పటినుంచి కనబడ్డవాళ్ళనల్లా ఆపి చెబుతున్నాను. మీకూ చెబుతాను. మీకు ముందే తెలిసుంటే ఇంకోసారి వినండి, నష్టం లేదు.

నాకు తెలిసింది వాడరేవులో. ఎండ తగ్గాక చీరాల నుంచి గాలి కోసం రేవుకొచ్చే పెద్దవాళ్ళుంటారు. వాళ్ళలో మా పెదనాన్న ఒకరు. పడవలు ఒడ్డుకు లాగి వలలు సరిచేసుకుంటున్న చోట ఇసుకలో కూచుని ఫోన్లో పాత రికార్డు ఒకటి పెట్టాడు. గరగరల వెనకనుంచి ఒక గొంతు. పాట నాకు తెలుసు, 'మీరజాలగలడా'. సుశీల గొంతులో చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ ఈ గొంతు వేరు. పాడుతున్నట్టు లేదు, ఎదురుగా ఉన్నవాళ్ళతో తేల్చి చెబుతున్నట్టుంది. తన మాట కృష్ణుడు దాటలేడన్న ధీమా ఒక్కో అక్షరం మీదా నిలబడి ఉంది.

"ఎవరు పెదనాన్నా పాడేది?"

"ఏంది అబ్బాయ్, పక్కూరోడే. బాపట్ల సత్యభామ. మా నాయన చూశాడు ఆయన నాటకం. మూడు రోజులు ఇంట్లో ఇంకో మాట లేదంట."

ఆ పాట పాడినవాడే రాసినవాడు కూడా అని తర్వాత చెప్పాడు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకం ముత్తరాజు సుబ్బారావుది. అందులో సత్యభామ వేషం కట్టిన స్థానం ఆ పాత్రకు కావాల్సిన పాట తానే రాసుకున్నాడు. ఒక నటుడు తన పాత్ర లోపలికి ఎంత దూరం వెళితే ఆ పాత్ర నోట రావాల్సిన మాట తనకే తడుతుంది! 1966లో ఆ పాట సినిమాకెక్కింది. ఆ సినిమా తీసింది ఎవరనుకున్నారు? డి. రామానాయుడు. చీరాల అవతల కారంచేడులో పుట్టినవాడు. బాపట్లలో పుట్టిన నటుడి పాట కారంచేడులో పుట్టిన నిర్మాత చేతిలో పడి, దుగ్గిరాలలో పెరిగిన జమున పెదవుల మీద ఆడి, తెలుగు దేశమంతా చేరింది. ఇదంతా మా రైలు పట్టాలకు అటూ ఇటూ జరిగిన కథ!

స్థానం 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టాడు. రంగస్థలం మీదికి రావటం కూడా ఎవరో నాటకంగా రాసినట్టే ఉంటుంది. 1920 ప్రాంతంలో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. చంద్రమతి వేషం కట్టాల్సిన నటుడు రాలేదు. ఊరి కుర్రాడు స్థానం ఆ వేషం కట్టాడు. కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే తల్లి పాత్రతో, ఇరవై ఏళ్ళైనా నిండని అబ్బాయి మొదలుపెట్టాడు! కొత్త నటుడికి ఇంతకంటే కష్టమైన పరీక్ష ఎవరు పెట్టగలరు? ఆ రాత్రి తర్వాత ఆయన దారి మారలేదు. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరాడు. నాలుగు దశాబ్దాల స్త్రీ వేషాలు అక్కడినుంచి లెక్క.

తెనాలి గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది ఆ ఊళ్ళోనే. శ్రీరామ విలాస సభలో స్థానం చుట్టూ ఉన్నది ఎవరంటే మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు. వెంకట్రామయ్య దుర్యోధనుడి గురించి పాతతరం ఇప్పటికీ చెబుతుంది. వైద్యుడైన గోవిందరాజుల తర్వాత 'కన్యాశుల్కం' సినిమాలో లుబ్ధావధాన్లుగా ఎలా నటించాడో మనం కళ్ళారా చూడొచ్చు. అంతటి ఉద్దండుల మధ్య నిలబడి స్థానం స్త్రీ పాత్రలు ఆడాడు. ఎదుటి నటుడు ఆ స్థాయివాడైతే పక్కవాడు నిద్రపోవటం కుదరదు. ఆ సభ అలా ఒకరినొకరు రాచి పదును పెట్టుకున్న మనుషులది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నన్ను నిలువునా ఆశ్చర్యంలో ముంచింది ఆయన ఆడవేషం కట్టటం కాదు. అప్పట్లో చాలామంది కట్టారు. కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్ళే భామాకలాపం ఆడారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ మన కాలం దాకా నడిచింది. ఆడవాళ్ళు వేదికెక్కని కాలం కాబట్టి మగవాళ్ళకు గత్యంతరం లేదు అనటానికీ వీల్లేదు. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేశారు. అంటే నిజమైన స్త్రీని వేదిక మీద చూసే అవకాశం ఉన్న తెలుగు ప్రేక్షకులే స్థానాన్ని నెత్తిన పెట్టుకున్నారు!

ఆశ్చర్యం ఎక్కడుందంటే, ఆ పాత్రలన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. చంద్రమతి దుఃఖంలో మునిగిన ఇల్లాలు, రాణిగా పుట్టి దాసిగా అమ్ముడుపోయినది. చిత్రాంగి సవతి కొడుకు మీద మనసు పడి, కాదన్నందుకు అతని కాళ్ళూ చేతులూ నరికించేదాకా వెళ్ళే రాణి. దేవదేవి పంతం పట్టి ఒక భక్తుణ్ణి వలలో వేసుకునే వేశ్య, ఆ తర్వాత ఆ భక్తికే లొంగే మనిషి. మధురవాణి కూడా వేశ్యే, కానీ దేవదేవికీ ఆమెకూ పోలికే లేదు. గురజాడ ఆమెకిచ్చింది పద్యం కాదు, విజయనగరం వీధుల్లోని వాడుకమాట, ఎదుటివాడి గుట్టు ఇట్టే పట్టే తెలివి, వాటి అడుగున దాచుకున్న మంచితనం. కొప్పరపు సుబ్బారావు నాటకంలోని రోషనార మొగలు రాజకుమారి. సత్యభామకు వీళ్ళెవరికీ లేని గర్వముంది, ఆ గర్వం విరిగే క్షణం కూడా ఉంది.

ఆడమనిషిలా నడవటం, పమిట సవరించుకోవటం, కనుబొమ్మ ఎగరేయటం నేర్చుకుంటే ఒక వేషం గట్టెక్కుతుంది. దాన్నే ఆరు చోట్ల వాడితే మూడో నాటకానికి జనం లేచిపోతారు. రాణి ఏడ్చినట్టు వేశ్య ఏడవదు. మొగలు అంతఃపురంలో చూపు తిప్పే తీరు వేరు, ద్వారకలో వేరు. ఒకే గొంతు, ఒకే ఒళ్ళు పెట్టుకుని ఇన్ని కులాల, ఇన్ని కాలాల, ఇన్ని స్వభావాల స్త్రీలను విడివిడిగా బతికించాలంటే ఆయన ఎంతమంది ఆడవాళ్ళను ఎంత శ్రద్ధగా, ఎంత మర్యాదగా గమనించి ఉండాలి! నా దృష్టిలో స్థానం గొప్పతనమంతా ఇక్కడుంది. ఆయన 'ఆడవేషం' కట్టలేదు. ఆరుగురు వేరువేరు మనుషులను అర్థం చేసుకున్నాడు.

పైగా ఆ రోజుల్లో చేతిలో ఏముంది? ఆయన మొదలుపెట్టిన కాలానికి మైకు లేదు. చివరి వరసలో నేల మీద కూచున్న రైతుకు కూడా సత్యభామ గుసగుస వినపడాలి, అది మళ్ళీ గుసగుసగానే ఉండాలి. మొహాన్ని దగ్గరగా చూపించే కెమెరా లేదు, రెండోసారి తీసుకునే వీలు లేదు. తెల్లవార్లూ సాగే నాటకంలో పద్యం నచ్చితే వన్స్‌మోర్ అంటారు, నచ్చకపోతే ఆ మాటా మొహం మీదే చెబుతారు. మిరపా పత్తీ పండించే పల్లెలనుంచి బండ్లు కట్టుకుని వచ్చి, రాత్రంతా మేలుకుని, ఏ పద్యం ఎవరు ఎలా పాడారో మర్నాడు చేలో వాదించుకునే జనం వాళ్ళు. వాళ్ళను మెప్పించి దశాబ్దాలు నిలబడటం మాటలు కాదు. సముద్రం దాటి రంగూన్ తెలుగువాళ్ళ ముందు కూడా ఆడి మెప్పు పొందాడు.

సినిమా కూడా ఆయన్ను పిలిచింది. పుష్పవల్లి నాయికగా 1942లో వచ్చిన 'సత్యభామ'లో స్థానం నటించాడు. కానీ తెర ఆయన చోటు కాదు. కెమెరాకు సావిత్రి ఉంటుంది, భానుమతి ఉంటుంది. వేదికకు మాత్రం స్థానమే కావాలి. ఆ తర్వాత హైదరాబాదు ఆకాశవాణి నాటక విభాగంలో పనిచేశాడు. ఇది నాకు భలే నచ్చిన సంగతి. చీర లేదు, నగ లేదు, నడక లేదు, గొంతొక్కటే మిగిలిన మాధ్యమం అది. ఆ రోజు ఇసుకలో నేను విన్నదీ గొంతొక్కటే. అదొక్కటే చాలింది!

ప్రపంచం మొత్తంలో ఇలాంటివాళ్ళను వెతికితే పేర్లు దొరుకుతాయి. షేక్స్పియర్ రాసిన క్లియోపాత్రాను, లేడీ మాక్బెత్‌ను మొదట ఆడింది కుర్రాళ్ళే. ఇంగ్లండు వేదిక మీదికి నటీమణులు వచ్చింది 1660లో. చైనాకు మెయ్ లాన్‌ఫాంగ్ ఉన్నాడు. 1930లో అమెరికా వెళ్ళి ఆడి వచ్చాడు. మరాఠీవాళ్ళకు బాలగంధర్వ ఉన్నాడు. ఆయన పేరుతో పుణెలో పెద్ద రంగమందిరమే ఉంది. ఆ వరసలో మనవాడు ఎవరికీ ఒక మెట్టు కింద లేడు. 1956లో భారత ప్రభుత్వం స్థానానికి పద్మశ్రీ ఇచ్చింది. పద్మ పురస్కారాలు మొదలైంది 1954లో. ఎన్టీఆర్‌కూ ఏఎన్నార్‌కూ పద్మశ్రీ వచ్చింది 1968లో. పన్నెండేళ్ళ ముందే బాపట్ల నాటక నటుడికి వచ్చింది! 1971లో ఆయన పోయాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మొదట చెప్పిన నలుగురు స్త్రీలను తెర మీద ఆడినవాళ్ళ ఊళ్ళు చూడండి. భానుమతి ఒంగోలు దగ్గర దొడ్డవరం. సావిత్రి తాడేపల్లి దగ్గర చిర్రావూరు. జమున పెరిగింది దుగ్గిరాల. ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి, దుగ్గిరాల: బెజవాడ వెళ్ళే రైలెక్కి కిటికీ దగ్గర కూచుంటే వరసగా వచ్చే స్టేషన్లు. ఈ నల్లరేగడి నేల మహానటులను పుట్టించిందని ఊరికే పొగుడుకోవటం నాకిష్టం లేదు. నాకు కనబడే కారణం ఒకటే. ఇక్కడ పల్లెపల్లెకూ నాటకం వచ్చింది, ఊరూరా పద్యం తెలిసిన చెవులున్నాయి. దేవదేవి అంటే ఎలా ఉండాలో, సత్యభామ ఎలా అలగాలో జనానికి ముందే ఒక కొలత ఉంది. ఆ కొలత పెట్టినవాళ్ళలో మొదటివాడు స్థానం. తర్వాత వచ్చిన ప్రతి నటీ ఆ కొలతకు నిలబడాల్సి వచ్చింది. నిలబడ్డారు కాబట్టే వాళ్ళు అంత గొప్పవాళ్ళయ్యారు.

కాబట్టి ఒక పని చేయండి. ముందు 'శ్రీకృష్ణ తులాభారం'లో జమునను చూడండి, ఆ అలక, ఆ దర్పం తనివితీరా చూడండి. తర్వాత స్థానం పాత రికార్డు వెతికి పట్టుకుని కళ్ళు మూసుకుని వినండి. ఆయన తన నటన గురించి రాసుకున్న 'నటస్థానం' దొరికితే చదవండి. నాటకం నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళకు వినిపించండి. మా వాడరేవుకు సరదాగా వచ్చేవాళ్ళకు నాదొక విన్నపం: సముద్రం చూశాక బాపట్ల మీదుగా వెళ్ళండి. భావనారాయణస్వామి గుడి చూడండి. ఆ ఊళ్ళో ఎవరినైనా ఆపి స్థానం నరసింహారావు గురించి అడగండి. తెలిసినవాళ్ళు తగిలితే మీ సాయంత్రం పండినట్టే. తెలియనివాళ్ళు తగిలితే మీరే చెప్పండి. ఇప్పుడు మీకు తెలుసు కదా!