ఎన్ని కిలోలున్నడు?

రాత్రి పదకొండు. పటాన్‌చెరులో ఓ అద్దె గది. బాబుకి ఒళ్లు కాలిపోతోంది. పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు దిగి వచ్చిన తండ్రి జేబులోంచి చిన్న సీసా తీశాడు. తల్లి చెంచా అందుకుంది.

'ఆగు. పోయినసారి తెచ్చింది సిరప్. ఇవి డ్రాప్స్.'

'రెండూ జ్వరం మందే గదా?'

నిజమే, రెండూ పారాసెటమాలే. తేడా అంతా చిక్కదనంలో. సిరప్‌లో సాధారణంగా 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 250 ఉండేవీ దొరుకుతాయి. డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరులోనే 100! అలవాటుగా 5 మిల్లీలీటర్ల చెంచాడు పోసి ఉంటే 500 మిల్లీగ్రాములు... పెద్దవాళ్లు మింగే మాత్రంత. తెల్లారేలోగా మళ్లీ మళ్లీ అలాగే పోస్తే దెబ్బ కాలేయానికే.

'ఎన్ని కిలోలున్నడు?' అడిగాడు.

'పోయిన వారం అంగన్‌వాడీల తూచిన్రు. ఎనిమిది.'

పిల్లలకి ఈ మందు లెక్క బరువుతోనే. ఏడాది పిల్లలంతా ఒకే బరువుండరు కదా! కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఎనిమిది కిలోలకి 80 నుంచి 120. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు. (మూడు నెలల్లోపు పసికందుకి జ్వరమొస్తే లెక్కలు వద్దు, డాక్టరు దగ్గరికే.) ఇక వంటింటి చెంచాల సంగతి సరేసరి... ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఈ కిలోల లెక్క పెద్దవాళ్లకీ ఉంది. క్షయకి 2017లో దేశమంతటా రోజువారీ మాత్రలు వచ్చాయి. ఇప్పుడు 35 నుంచి 49 కిలోలున్నవారికి రోజుకి మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. మందు పనిచేసి, ఆకలి పుట్టి, ఐదు కిలోలు పెరిగి పై వరుసలోకి వెళ్తే మాత్ర కూడా పెరుగుతుంది. కోలుకుంటున్నకొద్దీ మందు పెరగడమేమిటని ఇంట్లోవాళ్లు కంగారు పడితే తప్పేముంది!

ఫ్యాక్టరీలో డ్రమ్ములకొద్దీ మందుని తూకం వేసే చెయ్యి డ్రాపర్‌ని లైటుకెదురుగా పట్టింది. ఒకటో గీత దాకా తీసింది. 100 మిల్లీగ్రాములు. తల్లి బాబుని ఒళ్లోకి తీసుకుని తల కాస్త ఎత్తి పట్టుకుంది. తండ్రి గోడ గడియారం చూసి టైము సీసా పెట్టె మీద రాసుకున్నాడు.