పాసుపుస్తకములోని పదవ తేదీ

తుంగభద్ర ఎడమకాలువకు నీరు వచ్చిన పిమ్మట మా పెద్దలు కోస్తా జిల్లాలనుండి తరలివచ్చి, మాన్వి పరిసరములందు క్యాంపులు కట్టుకొని వరిసాగు మొదలుపెట్టిరి. ఇచ్చటి రైతు చేతికి సొమ్ము నెలనెలా రాదు. ధాన్యమమ్మిన దినమున ఒక్కమారే వచ్చును. మరల నాట్లకు, ఎరువులకు తీయువరకు అది ఎచ్చటనో నిలిచియుండవలెను. అందుచేత ఎప్పుడు కావలసిన అప్పుడు తీసికొన వీలగు సేవింగ్సు ఖాతాయే మావారికి గాదె. మేము ఇచ్చటి రైసుమిల్లులో ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా నుంటిమి. మా చదువు మెట్రిక్కే యైనను, క్యాంపులవారు పాసుపుస్తకములు తెచ్చి మాచేత చదివించుకొనెడివారు.

ఒకప్పుడు నెలలో పదవ తేదీనుండి కడపటి దినమువరకు ఖాతాలో మిగిలిన కనిష్ఠపు నిలువకే వడ్డీ కట్టెడివారు. ఒక రైతు జనవరి 11న అరువది వేలు వేసి, ఫిబ్రవరి 25న తీసెననుకొందము. సొమ్ము నలువదియైదు దినములు బ్యాంకులో నున్నను వడ్డీ సున్న! 2010 ఏప్రిల్ 1నుండి బ్యాంకులు ఏనాటి నిలువకు ఆనాడే వడ్డీ లెక్కకట్టవలసివచ్చెను. నాటి 3.5 శాతము చొప్పున అదే సొమ్మునకు సుమారు 259 రూపాయలు వచ్చును. పోస్టాఫీసులో మాత్రము ఆ పదవ తేదీ నిబంధన నేటికిని తొలగలేదు.

2011 అక్టోబరునందు రిజర్వు బ్యాంకు వడ్డీరేటును బ్యాంకుల ఇష్టమునకు విడిచెను. లక్ష రూపాయల వరకు అందరికి ఒకే రేటు. ఆపైన నిలువనుబట్టి వేరురేట్లు పెట్టవచ్చును. నైజాము కాలమున పుట్టిన మా హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017లో భారతీయ స్టేట్ బ్యాంకున లీనమయ్యెను. ఆ యేడే కోటిలోపు నిలువకు 3.5, కోటి దాటినవారికి 4 శాతమని నిర్ణయించిరి. మా క్యాంపులలో కోటి నిలువ గలవా డెవ్వడు? 2025 జూన్‌లో అందరికిని 2.5 చేసిరి. అనగా లక్షకు ఏడాదికి రెండువేల ఐదువందలు.

ఇట్టి లెక్కలు మాకు బాగుగా తెలియునను గర్వముండెడిది. ఆ గర్వమే మా బావమఱదిని ముంచినది. కొన్నియేండ్లక్రిందట అతనివద్ద ఏడు లక్షలుండెను. ఒక పట్టణ సహకార బ్యాంకువారు సేవింగ్సుకే రెండు శాతము అధికముగా ఇచ్చుచుండిరి. "ఏటికి పదునాలుగు వేలు ఊరక పోగొట్టుకొందువా?" అని మేమే ఫారము నింపితిమి. ఒక బ్యాంకులో ఒక మనిషికి గల డిపాజిట్లన్నిటికిని కలిపి, వడ్డీతోసహా, బీమా ఐదు లక్షలవరకే యని మాకు తెలియును. 1993 మొదలు లక్షయే యుండిన ఆ పరిమితిని 2020 ఫిబ్రవరిలో పెంచిరి. తెలిసియు చెప్పకపోతిమి. బ్యాంకు మునుగునా యని తలంచితిమి.

ఆ బ్యాంకుపై ఆంక్షలు వచ్చినవి. ఖాతా మాత్రము ఎప్పుడు కావలసిన అప్పుడు తీసికొనునదియే! రెండవ నెలలో అతని కూతురి పెండ్లి. నూటికి రెండు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు అప్పు తెచ్చెను. 2021లో సవరించిన చట్టము ప్రకారము తొంబది దినములలో బీమా సొమ్ము ఐదు లక్షలు చేతికందినవి. అప్పటికి అప్పుమీది వడ్డీయే పదునారు వేలయ్యెను. మిగిలిన రెండు లక్షలు ఇంకను రావలసియున్నవి. అతడు మమ్ము ఒక్కమాటయు అనలేదు. మా యింటిది మాత్రము చాలదినములు మాతో సరిగా మాటలాడలేదు.

మొన్న ధాన్యమమ్మి మా యింటికి వచ్చెను. సంచిలో మూడు పాసుపుస్తకములుండెను: రెండు వేరువేరు బ్యాంకులవి, ఒకటి పోస్టాఫీసుది. పోస్టాఫీసు సొమ్మునకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. "బావగారూ, దేనిలోనూ వడ్డీతో కలిపి ఐదు దాటలేదు గదా, ఒకసారి చూడండి" అనెను. మేము రేటు ఊసెత్తక కూడి చూచి, దాటలేదని చెప్పితిమి. కాఫీ త్రాగుమన్నను నిలువక, పోస్టాఫీసు మూయుదురని లేచెను. ఆనాడు తొమ్మిదవ తేదీ.