కీరదోసకాయ కేసు

స్మగ్లింగ్ అనగానే మనకి బ్యాంకాకు, సూట్‌కేసు, నల్లకళ్ళద్దాల విలనూ గుర్తొస్తాయి కదా. మా కొండాపూర్ ఫ్లాట్లో మాత్రం కథ కీరదోసకాయతో మొదలైంది. రోజూ ఫ్రిజ్‌లోంచి ఒకటి మాయం! సాఫ్ట్‌వేర్ బుర్రలాయె, ఇద్దరం ఎక్సెల్ షీటు పెట్టి మరీ డీబగ్ చేశాం :) ముద్దాయి బాల్కనీలో బకెట్ కింద దొరికింది. అరచేతిలో పట్టేంత నక్షత్ర తాబేలు!

"లక్కు రా, ఈసారి ప్రమోషన్ గ్యారంటీ" అన్నాడు మా మూడో రూమ్మేటు.

మరి దాని లక్కు సంగతో? ఆంధ్రా, తమిళనాడు, కర్ణాటక మెట్టల్లో గడ్డి తిని బతికే ప్రాణి అది. విదేశాల్లో పెంచుకునేవాళ్ళ సరదా కోసం సంచుల్లో కుక్కి విమానాలెక్కిస్తారు. అడవిలో పట్టినవాటిని దేశాలు దాటించి అమ్మకుండా 2019లో సైటీస్ ఒప్పందం నిషేధం పెట్టింది. ఇక్కడ ఇంట్లో పెంచడం కూడా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దణ్ణం పెట్టేదీ మనమే, ఆ జీవాన్ని బకెట్ కింద దాచేదీ మనమే!

వాణ్ణి ఒప్పించేసరికి రెండ్రోజులు పట్టింది. ముగ్గురం వెళ్ళి అటవీశాఖ వాళ్ళకి అప్పగించి వచ్చాం.

విలన్ కోసం బ్యాంకాక్ దాకా ఎందుకండీ? కొనేవాడు హైటెక్ సిటీలో మన పక్క సీట్లోనే ఉన్నాడు. వాడు కొనడం మానేస్తే అమ్మేవాడు ఎవరికమ్ముతాడు?