మిషన్ షిఫ్టింగ్ అంటే మిషన్ ఒక్కటే కాదు తమ్ముడూ

మొన్న జెద్దా నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, మా ఫ్లెక్స్ మిషన్ వేరే షాపుకు మారుస్తున్నరు, నన్నే దగ్గరుండి చూసుకొమ్మన్నరు, ఏం జాగ్రత్త పడాలె?" అని. బ్యాలెన్స్ అయిపోయి సగమే చెప్పిన. మిగతాది ఇక్కడ రాస్తున్న.

మా పాత షాపు రియాద్ బత్హాలో ఉండె. పోయిన సెప్టెంబర్ మొదట్లో మిషన్‌ను ఊరవతల గోదాముకు మార్చాలన్నరు. సెప్టెంబర్ 23 నేషనల్ డే. ప్రింటింగ్ పనిలో ఉన్నోళ్లకు తెలుసు, ఆ నెలంతా ఆకుపచ్చే.

మిషన్ విషయంలో నేను తప్పు చేయలే. ఇంకు తీసేసి, హెడ్లు సాల్వెంట్‌తో కడిగి, క్యారేజీ కదలకుండా కట్టేసిన. గోదాములో లెవల్ పెట్టి కాళ్లు సరిచేసిన. నాజిల్ టెస్టు గీతలు అన్నీ నిండుగా వచ్చినయి.

దెబ్బ తిన్నది కంప్యూటర్ దగ్గర. ముదీర్ పాత కంప్యూటర్ లెక్కలు రాసుకునేందుకు ఉంచుకొని నాకు కొత్తది ఇచ్చిండు. నేను కూడా ఐసీసీ ప్రొఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఇది చాలనుకున్న. మొదటి బ్యానర్ వేస్తే ఆకుపచ్చ కాదు, నాచు రంగు. పైగా అడ్డంగా తెల్ల చారలు.

చారలకు కారణం స్టెప్. ఒక్కో పాస్‌కు మెటీరియల్ ఎంత జరగాలన్న లెక్క అది. తెల్ల చార వస్తే ఎక్కువ జరుగుతున్నట్టు, ముదురు చార వస్తే తక్కువ. మా మిషన్‌కు ఆ లెక్క పాత కంప్యూటర్‌లోనే ఉండె. ఇక రంగు సంగతి. రిప్ సాఫ్ట్‌వేర్‌లో ముందు ఇంకు లిమిట్, తర్వాత లీనియరైజేషన్, వాటి మీద ఐసీసీ. కింది రెండూ వదిలి ఐసీసీ ఒక్కటే తెస్తే గోడలు వదిలి రేకులు తెచ్చినట్టే.

కొత్తగా వచ్చినోళ్లు ఇది తప్పక చదవండి. సౌదీ జెండా మీద షహాదా ఉంటది. టెస్టు కోసమని జెండా ప్రింటు వేసి కింద పరిచినా, చెత్తలో పడేసినా చాలా పెద్ద తప్పు. నేను ఉత్త ఆకుపచ్చ పట్టీలే వేసి చూసిన.

పాడైన మెటీరియల్ పైసలు జీతంలో కోస్తనన్నడు ముదీర్. నా ఇకామా మీద పని 'ఆమిల్'. జీతం పెంచమంటే లేబర్‌ను, తప్పు జరిగితే మాత్రం ఆపరేటర్‌ను!

ఆ రాత్రే టాక్సీ పట్టుకొని బత్హా పోయిన. కేరళ అకౌంటెంట్ అన్న తెల్లారి ఆ కంప్యూటర్ ఫార్మాట్ చేయిద్దామనుకుంటున్నడట. రిప్ ఫోల్డర్, మిషన్ కంట్రోల్ ఫోల్డర్ రెండూ మొత్తం కాపీ చేసుకున్న. స్టెప్ మళ్లీ కొత్తగా సరిచేసుకుంటే ఫజర్ అజాన్ టైమ్‌కు అసలు ఆకుపచ్చ వచ్చింది. అయినా ఆ నెల 150 రియాళ్లు కోసిండు, అది వేరే కథ.

తమ్ముడూ, నీ మిషన్ విప్పకముందే ఆ రెండు ఫోల్డర్లు, డాంగిల్ జేబులో పెట్టుకో. స్టెప్ నంబర్లు స్క్రీన్ ఫోటో తీసుకో. ఒక నోట్‌బుక్‌లో కూడా రాసుకో, ఫోన్లు పోతుంటయి.

మా మిషన్ మళ్లీ దమ్మాం పోతదంటున్నరు. ఈసారి కంప్యూటర్‌ను నా దుప్పట్లో చుట్టి ముందే పెట్టుకున్న.