తల బాకీ వీపు తీర్చింది

"ఫ్లాప్ చేద్దాం" అని సర్జన్ అనగానే మా మావయ్య మొహం పాలిపోయింది. తెలుగులో ఫ్లాప్ అంటే ఒకటే అర్థం, ఆడని సినిమా. "అదేంటి డాక్టరు గారూ, ముందే ఫ్లాపంటారు?" అని నిజంగానే అడిగాడు. ఆవిడ నవ్వలేదు. ఒక కాగితం తీసుకుని తల గీసింది, పక్కన వీపు గీసింది, వీపు నుంచి తలకి ఒక బాణం వేసింది. ఆ కాగితం ఇప్పటికీ మా చిన్నత్త ఫైల్లో ఉంది.

తణుకు దగ్గర ఊళ్ళో వాళ్ళకి పిండి మర ఉంది. మోటారుకీ మరకీ మధ్య తిరిగే బెల్టు అత్త జడని పట్టుకుంది. కనుబొమల పైనుంచి మెడ వెనక దాకా తల చర్మం జుట్టుతో సహా ఊడొచ్చింది. వినడానికే భయంగా ఉంటుంది గానీ, తల చర్మం నిర్మాణమే అంత. ఐదు పొరలు. పై మూడూ గట్టిగా అతుక్కుని ఒకే ముక్కలా ఉంటాయి. నాలుగోది వదులు పొర. మీ వేళ్ళు నెత్తిమీద ఆనించి ముందుకీ వెనక్కీ కదపండి, చర్మం జారుతుంది కదా, అది ఆ పొర వల్లే. జుట్టు పట్టి గట్టిగా లాగితే తెగేదీ అక్కడే. ఊడిన ముక్కని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు మీద ఉంచి (ముక్కకి ఐసు నేరుగా తగలకూడదు) త్వరగా తీసుకెళ్తే, రక్తనాళాలు కలిపి తిరిగి అతికించే అవకాశం ఉంటుంది. 1976 నుంచి చేస్తున్నారు. అత్త విషయంలో ఆ ముక్క బెల్టులో నలిగిపోయింది. కుట్టడానికి ఒక్క నాళమూ మిగల్లేదు. పైగా నడినెత్తిన, ఎముకని అంటిపెట్టుకుని ఉండే ఐదో పొర కూడా లేచిపోయి పుర్రె తెల్లగా బయటపడింది.

నా అనుమానం, అందరికీ వచ్చేదే: తొడమీంచి చర్మం తీసి అతికించొచ్చు కదా? అలా తీసిన పల్చటి చర్మానికి సొంత రక్తం ఉండదు. ఎక్కడ పరిస్తే అక్కడి రక్తం తాగి బతకాలి. ఐదో పొర ఉంటే బతుకుతుంది. ఒట్టి ఎముక మీద ఎండిపోతుంది. ఫ్రెంచి సర్జన్ బెలోస్ట్ 1696లోనే దీనికో ఉపాయం రాశాడు. బయటపడ్డ పుర్రెకి చిన్న చిన్న రంధ్రాలు చేస్తే, ఎముక లోపలి నుంచి ఎర్రటి కొత్త కండ మెల్లగా పైకొస్తుంది, దానిమీద పుండు మానుతుంది. కాకపోతే నెలలు పడుతుంది.

ఫ్లాప్ అలా కాదు, తన రక్తం తను తెచ్చుకుంటుంది. దీని పాత కథ మన దేశంలోనే ఉంది. టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కి ముక్కు కోయించుకున్న కావస్‌జీ అనే బండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో ముక్కు కట్టిన వైనం 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో వచ్చింది. నుదుటి చర్మాన్ని పూర్తిగా కోసెయ్యకుండా కనుబొమల మధ్య ఒక కాడ వదిలి కిందికి తిప్పారు. కొత్తచోట వేళ్ళూనుకునేదాకా ఆ కాడే దానికి ప్రాణం. కాడ ఎంత దూరం అందితే అంతవరకే ఈ పద్ధతి. వీపు నుంచి నెత్తిదాకా ఏ కాడా రాదు. కాడని తెంపి, సూక్ష్మదర్శిని కింద ఇంకోచోటి నాళాలకి కలపడం నేర్చుకున్నాకే ఆ హద్దు పోయింది. మెక్లీన్, బంకీ అనే అమెరికన్ సర్జన్లు కడుపులోని కొవ్వుపొరని తీసుకెళ్ళి, ఒక పెద్ద తలగాయం మీద పరిచి బతికించిన వైనం 1972లో అచ్చయింది.

అత్తకి వాడింది వీపు కండరం. చంక నుంచి నడుందాకా విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. అంత వెడల్పైనదాన్ని పోషించేది ప్రధానంగా ఒక్క ధమని. దాన్నీ, పక్కనున్న సిరనీ కోసి మెడలోని నాళాలకి కలిపారు, కండరాన్ని పుర్రెమీద పరిచారు, ఆపైన తొడ చర్మం కప్పారు. నాళాలు కలపడానికి వాడే దారం వెంట్రుక కంటే సన్నం. జుట్టంతా పోయిన మనిషి తలని అలాంటి దారమే నిలబెట్టింది. మొదటి రెండ్రోజులూ గంటగంటకీ నర్సు వచ్చి పెన్నులాంటి డాప్లర్‌ని ఆనించి వినేది. ఆ చప్పుడు ఆగితే మళ్ళీ ఆపరేషన్ థియేటరే. సర్వర్లు పడిపోతాయేమోనని రాత్రులు మానిటర్లు చూసే ఉద్యోగం నాది. అంత చిన్న చప్పుడు కోసం అంత భయపడటం మాత్రం అక్కడే తెలిసింది.

సినిమాల మీద రాసేవాడిగా ఒక మాట చెప్పాలి. మన సినిమాల్లో ప్లాస్టిక్ సర్జరీ అంటే కట్టు విప్పే సీను. "ఎవడు"లో కాలిపోయిన హీరోకి ఏకంగా ఇంకో హీరో మొహమే వస్తుంది. మావయ్య కూడా అలాంటి రోజు కోసమే చూశాడు. కట్టు విప్పారు. నెత్తిమీద దిండు పెట్టినట్టు ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉంది. నరం లేని కండరం నెలల తరబడి కృశిస్తే గానీ అది తల ఆకారానికి రాలేదు. జుట్టు మొలవదు. చీమ పాకినా, ఎండ కాల్చినా అక్కడ తెలీదు. "కొత్త తల వచ్చింది" అని ఏ రోజూ అనుకోలేం.

వేరే మనిషి తల చర్మమే అతికించొచ్చుగా అనే ప్రశ్నకి హ్యూస్టన్‌లో ఒక జవాబుంది. 2015లో అక్కడ 55 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కి చనిపోయిన దాత నుంచి పుర్రె పైభాగం, తల చర్మం కలిపి అమర్చారు. జుట్టుతో సహా. అతనికి అప్పటికే కిడ్నీ, పాంక్రియాస్ మార్పిడి జరిగింది, వాటికోసం రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఎలాగూ మింగుతున్నాడు. మళ్ళీ కొత్త కిడ్నీ, పాంక్రియాస్ కావాల్సొచ్చి అన్నీ ఒకే విడతలో పెట్టారు. కాబట్టి లెక్క సరిపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి జుట్టు కోసం జన్మంతా ఆ మందులు ఇవ్వడం వేరే లెక్క. పరాయి చర్మానికి రోజూ వడ్డీ కట్టాలి. సొంత చర్మానికి ఒకేసారి కడతాం, కానీ ఎవరికీ కనబడని చోట.

ఆ కనబడని చోటు సంగతే నన్ను వదలదు. చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ తలవైపే చూశారు. "తిరుపతిలో గుండు చేయించుకున్నానని చెప్పవే, ఎవరూ అడగరు" అని ఒకావిడ సలహా ఇచ్చింది. అత్త ఒప్పుకోలేదు. "ఇచ్చింది వేరు, పోయింది వేరు వదినా. దేవుడికి ఇవ్వంది ఇచ్చానని ఎలా చెప్తాను?" అంది. విగ్గు ఒక పెళ్ళికి పెట్టుకుంది. ఉక్కపోతకి తట్టుకోలేక మధ్యలో తీసేసి నూలు స్కార్ఫ్ కట్టుకుంది, ఇప్పటికీ అదే. వీపు గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. అక్కడా ఒక జానెడున్నర మచ్చ ఉంది. మిగతా కండరాలు సర్దుకుంటాయని సర్జన్ చెప్పింది, చాలావరకు నిజమే. అన్నం వండటం, పిండి డబ్బాలు ఎత్తడం అన్నీ చేస్తుంది. చెయ్యి పైకెత్తి బలంగా కిందికి లాగే పని దగ్గరే తేడా తెలుస్తుంది. ఆ కండరం పనే అది. అంటే మర షట్టరు.

"నెత్తిమీద ఏం లేదని అందరికీ కనిపిస్తుందిరా. సాయంత్రం షట్టరు దగ్గర ఏం లేదో నాకే తెలుస్తుంది" అంది ఒకసారి. ఫిర్యాదు చెయ్యట్లేదు, ఉన్న విషయం చెప్పింది, అంతే. వెన్నుదన్ను అనే మాటని నేను వ్యాసాల్లో చాలాసార్లు వాడాను. దాన్ని ఇప్పుడు అంత తేలిగ్గా రాయలేను.

షట్టరు లాగడానికి మావయ్య కొక్కెం ఉన్న ఇనప కడ్డీ చేయించాడు. బెల్టు చుట్టూ జాలీ బిగించారు. మొన్న నేను వెళ్ళినప్పుడు పదేళ్ళ పిల్ల ఒకతి జొన్నల సంచీతో గుమ్మంలోకొచ్చింది, జడ ముందుకి వేలాడుతోంది. అత్త మోటారు స్విచ్చి ఆపేసింది. "ముందు ఆ జడ ముడేసుకో తల్లీ" అంది. పిల్ల సంచీ కింద పెట్టి ముడి వేసుకునేదాకా మర తిరగలేదు.