అడుగుట నేర్చుకున్నాము

జవాబు చెప్పటమే కష్టమని మనమంతా చిన్ననాటి నుండి నమ్ముతూ వచ్చాము. ప్రశ్నాపత్రం ఎవరో తయారుచేస్తారు, చెమటలు పట్టేది మాత్రం మనకు! కాని సరిగా ప్రశ్నించటం అంతకంటె కష్టమైన విద్య అని గత సంవత్సరం మాదాపూరులో మాకు తెలిసివచ్చినది. ఆ అనుభవాన్ని తోటి విద్యార్థి మిత్రులతో పంచుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ముగ్గురము. ఇద్దరి ఇళ్ళలో ఉర్దూ, ఒకరి ఇంట తెలుగు. ప్రాజెక్టు పని నిమిత్తం మా అధ్యాపకులు మమ్ములను హైటెక్ సిటీలోని ఒక చిన్న సంస్థకు పంపారు. 1998 నవంబరులో ఆనాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుండి ఆ ప్రాంతపు రూపురేఖలే మారిపోయినవి. అద్దాల మేడలు మనకు దూరం నుండే కనిపిస్తాయి. ఆ అద్దాలను, ఆ నేలను రోజూ తుడిచే స్త్రీలు మాత్రం కనిపించరు. బోరబండ వంటి చోట్ల నుండి ఎం.ఎం.టి.ఎస్. రైలులోనో, షేర్ ఆటోలోనో వారు తెల్లవారగానే వచ్చి చేరుతారు. వారి హాజరును ఫోనులో నమోదు చేసే యాప్ ఒకటి ఆ సంస్థ తయారుచేసినది. వాడేవారికి అది ఎట్లున్నదో కనుక్కొని రావటం మా పని. ఈ విధమైన విచారణను యూజర్ ఎక్స్‌పీరియన్స్ పరిశోధన అంటారు. 1993లో అమెరికాలోని ఆపిల్ సంస్థలో చేరిన డొనాల్డ్ నార్మన్ తన హోదాలోనే ఈ మాటను చేర్చుకోవటంతో అది ప్రచారంలోకి వచ్చినది.

మేము ఉత్సాహంతో పది ప్రశ్నలు రాసుకొని బయలుదేరాము. "యాప్ వాడటం సులభంగా ఉన్నదా?" అన్నది మొదటిది. "మీకు నచ్చినదా?" అన్నది రెండవది. ఇరవై మందిని అడిగాము. ఇరవై మందీ బాగున్నదనే అన్నారు. నూటికి నూరు మంది సంతృప్తులని పెద్ద అక్షరాలతో రాసి, నివేదికను మా అధ్యాపకుల చేతికి ఇచ్చాము.

వారు చదివి మూడు మాటలే అడిగారు. "మీరు అడుగుతున్నప్పుడు పక్కన ఎవరున్నారు?" సూపర్‌వైజరు ఉన్నాడు. "వారు ఫోను వాడుతుండగా మీరు చూశారా?" చూడలేదు. "బాగాలేదని చెప్పటానికి మీరు వారికి దారి ఉంచారా?" మాకు నోట మాట రాలేదు.

దక్కనీ ఉర్దూలో "హౌ" అంటే అవునని అర్థం. కాని పెద్దలు మాట్లాడుతుంటే మన ఇళ్ళలో పిల్లలు "హౌ, హౌ" అనటం అంగీకారం కాదు, వింటున్నామని తెలిపే మర్యాద. తెలుగు ఇళ్ళలో ఊఁ కొట్టటం వంటిదే. మేము ఇరవై మర్యాదలను పోగుచేసుకొని, వాటిని ఇరవై అభిప్రాయాలుగా లెక్కించాము.

ఆ తరువాత గ్రంథాలయంలో కూర్చొని కొంత చదివాము. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతి విల్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగాన్ని వివరించారు. ఏమాత్రం తేడా లేని నాలుగు జతల మేజోళ్ళను వరుసగా పెట్టి, మంచిది ఏరుకొమ్మన్నారు. మిగిలిన జతలకంటె కుడివైపు చివరి జతనే ఎక్కువమంది ఏరారు. ఎందుకని అడిగితే నేత బాగున్నదని, నాణ్యత ఎక్కువని కారణాలు చెప్పారు. అది ఉన్న చోటు వల్ల ఏరుకున్నామని ఒక్కరూ అనలేదు. అబద్ధమాడాలని వారికి లేదు. తమ మనస్సు నడక తమకే తెలియదు. కనుక ఎట్లున్నదని అభిప్రాయం అడగటం కంటె, ఏమి జరిగినదని అడగటం మేలని గ్రహించాము.

రెండవసారి మా పట్టిక ఇంట విడిచి వెళ్ళాము. పని ముగిసిన వేళ, సూపర్‌వైజరు లేని చోట, రైల్వే స్టేషను దగ్గర చాయ్ కొట్టులో కూర్చున్నాము. మొదటిసారి "హౌ బేటా, అచ్ఛా హై" అన్న ఒక పెద్దావిడ అక్కడ కనిపించినది. "ఖాలా, ఈ రోజు పొద్దున గేటు దగ్గరకు వచ్చినప్పటి నుండి ఏమేమి జరిగినదో చెప్పండి" అని ఉర్దూలో అడిగి, మౌనంగా ఉండిపోయాము. ఆమె చెప్పుతూ చెప్పుతూ ఫోను తీసి చూపించినది. బొటనవేలితో బొత్తాం నొక్కినది. తెర మీద చక్రం తిరుగుతూ నిలిచిపోయినది. పడలేదనుకొని మళ్ళీ నొక్కినది. మొదటి నొక్కుకు ఆమె పనిలోకి వచ్చినట్లు, రెండవ నొక్కుకు వెళ్ళిపోయినట్లు నమోదైనది! రాకకూ, పోకకూ బొత్తాం ఒక్కటే. దాని మీది అక్షరాలు ఇంగ్లీషువి. 2017 నుండి తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయిన ఉర్దూ ఆ తెర మీద లేదు, తెలుగూ లేదు. ఖాలాకు ఉర్దూ చదవటం వచ్చును.

ముందటి నెల ఇట్లే ఆమెకు రెండు రోజులు గైరుహాజరు పడినది. రెండు రోజుల కూలి పోయినది.

"మొన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు ఖాలా?" అన్నాము.

"మీరు బాగున్నదా అని అడిగారు బేటా. పిల్లలు ఎండలో పడి వచ్చారు, బాగాలేదని ఎట్లా అంటాను?"

మా అందమైన నివేదిక ఆమె కూలిని మరొకసారి కోయబోయినదని అప్పుడు అర్థమైనది. బాధ లేదని లిఖితపూర్వకంగా సాక్ష్యం చెప్పవచ్చినవారము మేమే గదా!

నివేదికను చించివేసి మళ్ళీ రాశాము. అందులో నూటికి ఇంత అన్న లెక్క ఒక్కటీ లేదు. ఎవరి వేలు ఎక్కడ ఆగినదో, తరువాత ఏమైనదో మాత్రమే ఉన్నది. సంస్థవారు శ్రద్ధగా విన్నారు. రాకకు ఒకటి, పోకకు ఒకటిగా రెండు బొత్తాములు పెట్టి, తెలుగు, ఉర్దూ మాటలు చేర్చారు. ఆ వార్త చెప్పటానికి సంతోషంతో ఖాలా దగ్గరకు వెళ్ళాము.

ఆమె అంతా విని, దీవించి, అప్పుడు అడిగినది: "మంచిది బేటా. నా రెండు రోజుల పైసలు ఎప్పుడు వస్తాయి?"

మా పది ప్రశ్నలలోనూ, తరువాతి విచారణలోనూ మాకు తట్టని ప్రశ్న అది. దానిని ఆమె మాటలలోనే రాసి, నివేదిక చివరి పుటకు జతచేసి పంపాము. మిత్రులారా, సరియైన ప్రశ్న ఎట్లుంటుందని మీరెవరైనా అడిగితే మేము ఆ పుటనే చూపిస్తాము. దానికి జవాబు కొరకు నేటికీ ఆ సంస్థ మెట్లు ఎక్కి దిగుతూనే ఉన్నాము.